ర్యాకు ఒరిగిందని కొత్తది కొనకండి: హన్మకొండలో రిపేరు చేయించిన అనుభవం

హన్మకొండ, వరంగల్‌లో బోల్టులతో బిగించే ఇనుప ర్యాకులు అమ్మే షాపులకు కొదవ లేదు. కొత్తది కావాలంటే పొద్దున చెప్తే సాయంత్రానికి తెచ్చి బిగించి పోతారు. అదే ఉన్న ర్యాకు ఒక పక్కకు ఒరిగింది, వచ్చి చూడండి అంటే మాత్రం ఎవరూ కదలరు. మిగిలేది తక్కువ, చేయాల్సిన పని ఎక్కువ కాబట్టి "దాన్ని పాత ఇనుములో వేసి కొత్తది తీసుకోండి" అంటారు. అలాంటి పనికి వచ్చి, పద్ధతిగా చేసి పోయిన ఒక షాపు గురించి రాయాలనిపించింది. హన్మకొండ చౌరస్తా నుంచి ములుగు రోడ్డు వైపు పోయే దారిలో ఉంటుంది, బయట బీరువాలు, లోపల యాంగిళ్లు పేర్చి ఉంటాయి. ర్యాకులు అమ్మడమే వాళ్ల అసలు వ్యాపారం, రిపేరు అడిగిన వాళ్లకు మాత్రమే చేస్తారు. నేను ఈ రివ్యూ రాస్తున్నది వాళ్లు అమ్మే ర్యాకుల గురించి కాదు, ఆ రిపేరు గురించే.

మాది కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్డు దగ్గర జిరాక్స్, స్టేషనరీ షాపు. మే నెలలో అదే లైన్లో కొంచెం ముందున్న మడిగెకు మారాం. ర్యాకులు నాలుగు, ఒక్కోటి ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, పదిహేను అంగుళాల లోతు, ఐదు అరలు. సామాను మార్చడానికి మాట్లాడుకున్న వాళ్లు దూరం తక్కువే కదా అని ర్యాకులను విప్పకుండా నిలబెట్టే ఈడ్చుకొచ్చారు. కొత్త మడిగె షట్టరు దగ్గరున్న ఇనుప పట్టీకి కింది కాలు తట్టుకుంటే, కాలు ఎత్తి లోపల పెట్టాల్సింది పోయి పైనుంచి తోశారు. మూడు ర్యాకులు బాగానే నిలబడ్డాయి కానీ నాలుగోది, ఏ4 కట్టలు పెట్టేది, షట్టరు వైపు మూడంగుళాలు ఒరిగిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడే అంత ఒరిగితే కాగితం ఎక్కించాక ఏమవుతుందోనని టెన్షన్. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల) ఏ4 కట్ట ఒక్కటి, అంటే 500 కాగితాలు, దాదాపు 2.3 కిలోలు ఉంటుంది. అరలో నాలుగు వరుసలు, వరుసకు ఏడు కట్టలు పేర్చినా ఒక్క అరకే 65 కిలోలు. పైగా జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు, నోటుబుక్కుల స్టాకు దిగే టైమ్ అది, షాపులో నిలబడటానికే జాగా ఉండదు, ఆ రద్దీలో ఎవరో ఒకరు ఆ ర్యాకుకు ఆనుకోక మానరు.

మొదట మా లైన్లోనే చిన్నాచితకా పనులు చేసే ఒకాయన వచ్చాడు. పానా తీసి కనిపించిన బోల్టునల్లా బలంగా బిగించి, ఒరిగిన వైపు ముందు కాలు కింద చెక్క ముక్క దూర్చి సుత్తితో కొట్టి, ఇప్పుడు చూడండి అన్నాడు. దూరం నుంచి చూస్తే నిటారుగానే ఉంది. దగ్గరికి పోయి చూస్తే అదే వైపు వెనక కాలు నేలను వదిలేసి గాల్లో ఉంది, అర మీద పెన్ను పెడితే దానంతట అదే లోపలి వైపుకు దొర్లిపోయింది. నిలువు కంబాలు నిటారుగా కనిపిస్తున్నాయి కానీ అరలు వాలాయి, బరువంతా మూడు కాళ్ల మీదికి వచ్చింది. ఇది రిపేరు కాదని అప్పుడే అర్థమైంది.

ర్యాకుల షాపుకు ఫోన్ చేస్తే పెద్దాయన ఒకరు, ఆయన వెంట ఒక పిల్లగాడు వచ్చారు. పెద్దాయన ఏ బోల్టునూ ముట్టుకోలేదు. ముందు ఆ చెక్క ముక్క తీసేయించి, అరల మీదున్న సామాను కిందికి దించమన్నాడు. కింది రెండు అరల్లో కొంచెం స్టాకు ఉంది, అది ఉండనిస్తే కాదా అన్నాను. "సామాను మొత్తం దించుడే అక్కా, బరువు మీద సక్కగ చేస్తే మళ్ల ఒరుగుతది" అన్నాడు. దించాం.

తర్వాత ఆయన చేసిన రెండు కొలతలే ఈ రివ్యూలో అందరికీ పనికొచ్చేవి, మీరు ఎవర్ని పిలిచినా, పిలవకపోయినా. రసమట్టాన్ని (స్పిరిట్ లెవెల్) ముందు నేల మీద, తర్వాత అర మీద పెట్టి చూశాడు. ఆ తర్వాత టేపుతో ర్యాకు వెనక వైపు పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు, పై కుడి మూల నుంచి కింది ఎడమ మూలకు ఐమూలగా కొలిచాడు. ఏడడుగులు మూడడుగుల చట్రం సరిగ్గా ఉంటే ఆ రెండు కొలతలూ సమానంగా, 91న్నర అంగుళాలకు కాస్త తక్కువగా రావాలి. మా దాంట్లో ఒకటి 92 దాటింది, ఇంకోటి 90న్నర దగ్గర ఆగింది. అంటే నేల సంగతి తర్వాత, ముందు చట్రమే పక్కకు జరిగి వంకరపోయింది. ఒకవేళ రెండు కొలతలూ సమానంగా ఉండి, అర కూడా నేలతో పాటే వాలి ఉంటే చట్రానికి ఏ దోషమూ లేదు, వాలు నేలది. అప్పుడు కాళ్ల కింద సరిచేస్తే చాలు. ఒరిగిన ప్రతి ర్యాకుకూ కాలు కింద ఏదో ఒకటి పెట్టేయడం ఎందుకు తప్పో ఈ టేపు కొలతతో నాకు తేటగా తెలిసింది. చట్రం వంకరపోయినప్పుడు కాలు కింద ఎత్తు పెడితే ఒక వంకరను ఇంకో వంకరతో దాచినట్టే.

మాది రెండు రోగాలూ ఉన్న కేసు. కొత్త మడిగెలో షాబాదు బండలు వేశారు, కడిగిన నీళ్లు బయటికి పోవడానికి షట్టరు వైపు వాలు ఇచ్చారు. మూడడుగులకు అరంగుళం వాలు వచ్చింది. కింద అరంగుళమే కానీ ఏడడుగుల పైకి పోయేసరికి అది అంగుళం దాటుతుంది. అందుకే ర్యాకు మొత్తం మూడంగుళాల పైచిలుకు ఒరిగినట్టు కనపడింది. పెద్దాయన చెప్పిన వరస ఏంటంటే, ముందు చట్రం మూలలను సరిగ్గా లంబకోణానికి తేవాలి, తర్వాతే నేల వాలు చూడాలి, చివరికి గోడకు కట్టాలి. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఒక కన్ను మూసి ఒక్కో కంబాన్ని కింది నుంచి పై దాకా గురిచూశాడు, ఎక్కడైనా మడత పడిందేమోనని. కంబం వంగితే దాన్ని సుత్తితో కొట్టి సాఫు చేసినా మళ్లీ బరువు మోసే బలం రాదట, మార్చాల్సిందేనట. మా కంబాలు 14 గేజివి, అంటే రెండు మిల్లీమీటర్ల మందం, వాటికేమీ కాలేదు. అరలు 22 గేజి, ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండవు, ఒక అర అంచు మాత్రం ముందు పక్క కొంచెం నొక్కుకుపోయింది, దాన్ని చెక్క దిమ్మ ఆనించి మెల్లగా సరిచేశారు. మరి కంబాలు బాగుంటే ఒరిగింది ఎక్కడ అని అడిగితే ఒక బోల్టు విప్పి చూపించాడు. కంబానికున్న చిల్లు గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది, ఎక్కడంటే అక్కడ అర బిగించుకోవడానికి. బోల్టు 8 ఎంఎం, చిల్లు దానికన్నా పొడవు. బిగింపు గట్టిగా ఉన్నంతసేపు ఆ పట్టు మీదే నిలబడుతుంది, పైనుంచి తోస్తే ప్రతి మూల దగ్గరా కొద్దికొద్దిగా జారి, అన్నీ కలిసి పైన రెండంగుళాలు అవుతుంది. బోల్టు తీసిన చోట పెయింటు మీద మెరిసే గీత పడి ఉంది, ఎంత జారిందో ఆ గీతే చెప్తోంది. వేలుగోరంత కూడా లేదు.

ఇలా జారకుండా ఆపేవి మూలల్లో బిగించే మూడు మూలల ప్లేట్లు. నాలుగు పక్కల చట్రం వంకరపోతుంది కానీ మూడు పక్కలది ఇనుము వంగితే తప్ప వంకరపోదు. మా ర్యాకుకు ఎనిమిది ప్లేట్లు ఉండాల్సింది, ఈడ్చుకొచ్చేటప్పుడు బోల్టులు రాలిపోయి ఐదే మిగిలాయి. అందులో రెండు ఒక్క బోల్టు మీద వేలాడుతున్నాయి. ఒక్క బోల్టు మీద ప్లేటు తిరుగుతుంది తప్ప ఆపదు.

అసలు పని ఇక్కడ మొదలైంది. 13 నంబరు పానాతో అన్ని బోల్టులనూ సగం చుట్టు లూజు చేశారు. ముందొచ్చినాయన బలమంతా పెట్టి బిగించి పోయాడు కాబట్టి దానికే చాలా సేపు పట్టింది. "వంకరగ ఉన్నప్పుడు బిగిస్తే ఆ వంకరనే గట్టిపడ్తది అక్కా" అన్నాడు పెద్దాయన. లూజు చేశాక ఇద్దరూ చెరో పక్క నిలబడి, ఎక్కువ పొడవొచ్చిన మూలల వైపు నుంచి నెమ్మదిగా నెట్టారు. సుత్తి వాడలేదు, తోపుడు లేదు, అరచేత్తో నొక్కడమే. టేపు పట్టుకోవడం, కొంచెం నొక్కడం, మళ్లీ టేపు. రెండు వైపులా 91న్నరకు కిందికి, ఒకే గీత మీదికి వచ్చాక పిల్లగాడు కదలకుండా పట్టుకుని నిలబడితే పెద్దాయన ముందు పై మూలలు, తర్వాత కింది మూలలు, చివరికి మధ్యవి బిగించాడు. ఒకే మూలను పూర్తిగా బిగించేయకుండా అన్నింటినీ కొంచెం కొంచెంగా, రెండు చుట్లలో. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్లీ కొలిచాడు, బిగిస్తుంటే కూడా జరుగుతుందట.

తర్వాత పోయిన ప్లేట్లు కొత్తవి వేసి, వెనక వైపు మూల నుంచి మూలకు రెండు క్రాస్ పట్టీలు, పక్కలకు ఒక్కోటి బిగించారు. అమ్మేటప్పుడు ఈ పట్టీలు అడిగితే తప్ప ఇవ్వరు, ధర పెరుగుతుందని. పుస్తకాలు, కాగితం, మందుల డబ్బాలు, కిరాణా సంచులు పెట్టే వాళ్లు కొనేటప్పుడే వెనక క్రాస్ పట్టీలు అడిగి వేయించుకోండి, అసలు ఈ గొడవే రాదు. పట్టీలు పడ్డాక ర్యాకును పైన పట్టుకుని ఊపితే ర్యాకు, బండ రెండూ కలిసి ఉన్నట్టు అనిపించింది.

నేల వాలుకు చెక్క వద్దన్నాడు. అట్ట ముక్కలైతే అసలే వద్దు, బరువుకు నలిగిపోతాయి, తడి తగిలితే మెత్తబడతాయి. చెక్కకు చెదలు. అరచేయంత ఇనుప పలకలు పలచవి తెచ్చి, వాలు వైపు రెండు కాళ్ల కిందా ఒకదాని మీద ఒకటి పెట్టి రసమట్టం చూసుకుంటూ ఎత్తు సరిచేశాడు. కాళ్లకు కొత్త ప్లాస్టిక్ బూట్లు కూడా తొడిగాడు, ఇనుము నేరుగా బండ మీద ఉంటే నీళ్లకు తుప్పు పట్టి కాలే తినేస్తుంది. నాలుగు కాళ్ల కిందా కాగితం దూర్చి చూశాడు, ఎక్కడా దూరలేదు.

గోడ సంగతికి వస్తే, పక్క మడిగెకు మాకూ మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, అవతల వాళ్లను అడిగి, సరేనన్నాకే చిల్లులు వేశారు. పై అర వెనకాల రెండు ఎల్ క్లాంపులు, ప్లాస్టరులో కాకుండా ఇటుకలోకి దిగేలా ప్లగ్గులు. ర్యాకు నిటారుగా ఉంది కదా, ఇదెందుకు అనుకునే వాళ్లకు ఒక మాట చెప్పాలి. 2016లో అమెరికాలో ఐకియా ఫర్నిచర్ కంపెనీ సుమారు 2.9 కోట్ల సొరుగుల అల్మారాలను వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది, గోడకు బిగించకపోతే ముందుకు ఒరిగి పిల్లల మీద పడుతున్నాయని, పిల్లలు చనిపోయారని. అంత పెద్ద కంపెనీ సామానుకే ఆ పరిస్థితి. మా షాపుకు సాయంత్రం పూట అమ్మలతో పాటు చిన్నపిల్లలు వస్తారు, కింది అర పట్టుకుని ఎక్కే పిల్లలు రోజూ కనపడతారు. అందుకే మిగతా మూడు ర్యాకులకు కూడా అదే రోజు క్లాంపులు వేయించాను, అవి ఒరగకపోయినా.

బరువు ఎట్లా పెట్టాలో కూడా చెప్పి పోయారు, అడగకుండానే. బరువైనవి కింద, తేలికవి పైన, ఎక్కించేటప్పుడు కింది అర నుంచి మొదలు పెట్టాలి, ఖాళీ చేసేటప్పుడు పైనుంచి. ఇక్కడ మాకొక చిక్కు ఉంది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండలో నీళ్లు ఎట్లా వచ్చాయో నయీంనగర్ వైపు ఉన్నవాళ్లను అడిగితే చెప్తారు. కాగితం కట్టలు నేలకు దగ్గరగా పెట్టడమంటే మాకు భయమే. పెద్దాయన దానికి కింది అరను నేల నుంచి అడుగు ఎత్తుకు జరిపి, దాని కింద ఇంకో జత పట్టీలు అడ్డంగా వేశాడు, కాళ్లు విడివిడిగా ఊగకుండా. బరువు కిందే ఉంది, నేలకు తగలదు. ఇది మేం అడిగింది కాదు, షాపును చూసి ఆయనకు తట్టింది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇంకోటి. మళ్లీ ఎప్పుడైనా మారాల్సి వస్తే విప్పే తీసుకుపోవాలని, పిల్లగాడు ప్రతి కంబం మీదా, అర మీదా పెయింటు పెన్నుతో నంబర్లు వేశాడు. ఏ అర ఏ చిల్లుకో వెతుక్కునే పని ఉండదు. మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని కూడా ఇట్లానే రాళ్లకు నంబర్లు వేసి విప్పి, ఏళ్ల తరబడి పని చేసి మళ్లీ నిలబెట్టారు, 2024 మార్చిలో తెరిచారు. పని పెద్దదైనా చిన్నదైనా, విప్పేటప్పుడు చూపిన శ్రద్ధే బిగించేటప్పుడు అక్కరకొస్తుంది.

ఖర్చు: ప్లేట్లు, పట్టీలు, బోల్టులు, పలకలు, బూట్లు కలిపి 850 రూపాయలు, ఇద్దరి కూలీ 700. క్లాంపులకు వేరే తీసుకున్నారు, నాలుగు ర్యాకులకు కాబట్టి అది ఇందులో కలపట్లేదు. అదే సైజు కొత్త ర్యాకు 5,000కు అటూ ఇటూ చెప్పారు, అదీ క్రాస్ పట్టీలు లేకుండా. కొత్తది అంటగట్టే ప్రయత్నం చేయలేదు, కంబాలు బాగున్నాయి, ఎందుకు మార్చడం అన్నారు. ర్యాకులు అమ్మి బతికే వాళ్లు ఆ మాట అనడం నాకు విలువైన సంగతి.

నచ్చనివి కూడా ఉన్నాయి. పొద్దున పదింటికి వస్తామని మధ్యాహ్నం దాటాక వచ్చారు, ఈలోగా ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎదురుచూస్తూ కూర్చున్న వాళ్లకు అది ఎంత ఇబ్బందో వాళ్లు ఆలోచించాలి. క్రాస్ పట్టీలను సైజుకు కోసిన చోట్ల పెయింటు వేయలేదు, ఇనుము బయటికి కనపడుతోంది, వానాకాలంలో తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. నేనే రెడ్ ఆక్సైడ్ తెచ్చి పూశాను. ఆ పని వాళ్లదే, చిన్న డబ్బా వెంట తెచ్చుకుంటే అయిపోయేది. గోడకు చిల్లులు వేసేటప్పుడు దుమ్ము పడకుండా మిషను మీద గుడ్డ కప్పలేదు, జిరాక్స్ మిషను ఉన్న షాపు అని చెప్పాక కప్పారు. మిషను ఉన్నవాళ్లు ముందే కప్పేసుకోండి. బిల్లు తెల్ల కాగితం మీద రాసిచ్చారు, గ్యారంటీ రాయమంటే రాయలేదు, ఏమైనా అయితే ఫోన్ చేయండి అన్నారు. నోటి మాట నాకు చాలదు, రిపేరు పనికి నెల రోజులైనా రాసివ్వాలి.

చెక్క ర్యాకులు, ఆన్‌లైన్లో వచ్చే పొడి చెక్క (చెక్క పొడిని అతికించి చేసే పార్టికల్ బోర్డు) పలకల పుస్తకాల అల్మారాలు వీళ్లు ముట్టుకోరు, కార్పెంటర్ దగ్గరికే పోవాలి. వాటిలోనూ సూత్రం ఇదే. ఆ అల్మారాలను ఒరగకుండా పట్టేది వెనక కొట్టిన పలచటి పలక, అది అందానికి కాదు. బరువుతో ఈడ్చినప్పుడు దాని మేకులు ఊడొస్తాయి, అల్మారా పక్కకు పోతుంది. ఖాళీ చేసి, ఐమూల కొలతలు సమానం చేసి, వెనక 6 ఎంఎం ప్లైవుడ్ కొత్త చిల్లుల్లో స్క్రూలతో కొట్టించండి. పొడి చెక్కలో పాత చిల్లులోనే మళ్లీ స్క్రూ తిప్పితే పట్టదు, పొడి రాలుతుంది, అది తెలియని కార్పెంటర్ అయితే వద్దనండి.

జూన్ రద్దీ అంతా అయిపోయింది, కట్టలు ఎక్కాయి, దిగాయి, మళ్లీ ఎక్కాయి. మొన్న టేపు పెట్టి చూస్తే రెండు కొలతలూ ఇంకా ఒకటే ఉన్నాయి. ఒక్క మధ్య అర బోల్టు కొంచెం లూజైతే బిగించాను.

నా మార్కులు ఐదుకు నాలుగు. ఒక మార్కు లేటుకు, పూయని పెయింటుకు. పోదలచుకున్న వాళ్లు ఫోన్ మీద ఆధారపడకుండా షాపుకే పోయి మాట్లాడండి, పోయేటప్పుడు ర్యాకు ఎత్తు, వెడల్పు, లోతు, మూల నుంచి మూలకు రెండు కొలతలు రాసుకుని, వెనక వైపు ఫోటో తీసుకుని పోండి. దాన్ని బట్టి ప్లేట్లు, పట్టీలు కోసుకుని వస్తారు, మళ్లీ షాపుకు పరుగెత్తే పని ఉండదు. బడులు తెరిచే ముందు, దసరా ముందు వాళ్లకు కొత్త ఆర్డర్లతోనే తీరిక ఉండదు, ఆ రెండు టైముల్లో రిపేరుకు రమ్మంటే ఆలస్యమవుతుంది.